కిరాణా కొట్టుకి స్టాక్ యాప్ అవసరమా? రెండేళ్లు వాడాక గోపాలపట్నం నుంచి రాస్తున్నాను

మాది విశాఖపట్నంలోని గోపాలపట్నంలో కిరాణా కొట్టు. మావయ్యగారు 1991లో పెట్టారు. నేను పెళ్లై వచ్చి పన్నెండేళ్లయింది, అందులో ఆరేళ్లుగా గల్లా దగ్గర కూర్చునేది నేనే. 2024 సంక్రాంతి వెళ్లిన వారానికి బిల్లింగూ, స్టాకూ, ఆర్డర్లూ అన్నీ ఒకేచోట చూసుకునే యాప్ ఒకటి తీసుకున్నాం. దాని గురించి చెప్పమని మా ఆడపడుచు ఎప్పటినుంచో అడుగుతోంది, వాళ్లకి గాజువాకలో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది, తీసుకుందామా వద్దా అని ఊగుతున్నారు. ఆవిడ ఒక్కదానికే ఫోన్లో చెప్పే బదులు కొట్లు నడిపే నలుగురికీ పనికొస్తుందని ఇలా రాస్తున్నాను. యాప్ పేరు మాత్రం రాయను. ఇలాంటివి బజార్లో చాలా ఉన్నాయి, పని చేసే పద్ధతి దాదాపు అన్నిటిదీ ఒకటే, కాబట్టి మీరు ఏది కొన్నా నేను చెప్పేవి చూసుకోవచ్చు.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఆ ఒకటి ఎందుకు తగ్గించానో చివర్లో చెప్తాను, అది కొంచెం పెద్ద కథ.

అసలు మాకు ఈ అవసరం ఎందుకొచ్చిందంటే, మావయ్యగారికి 2023లో గుండెకి స్టెంట్ వేశారు. రెండు నెలలు కొట్టు వైపు రావద్దన్నారు డాక్టర్లు. అప్పటిదాకా సరుకు ఆర్డర్ అంతా ఆయనే. ఉదయం షట్టర్ ఎత్తగానే అరల వైపు ఒకసారి తేరిపార చూసేవారు, చీటీ మీద నాలుగు గీతలు గీసుకునేవారు, స్కూటర్ మీద పూర్ణా మార్కెట్‌కి వెళ్లిపోయేవారు. ఏ పప్పు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎండుమిరప ఏ నెలలో నిల్వ పెట్టాలి, ఎవరికి ఎన్నాళ్లు అరువు ఉంటుంది, అన్నీ ఆయన తలలోనే. ఆ రెండు నెలలూ మా ఆయనా నేనూ పడ్డ టెన్షన్ చెప్పలేను. కందిపప్పు అయిపోయిందని తెలిసేది ఎవరో వచ్చి అడిగినప్పుడే. ఇంకోపక్క పామాయిల్ డబ్బాలు అవసరానికి మూడింతలు తెప్పించేశాం. అడిగితే లేదన్న కొట్టుకి రెండోసారి ఎవరూ రారు కదా, రోజూ వచ్చే మనుషులే పక్క వీధి కొట్టుకి వెళ్లడం నా కళ్లతో చూశాను. అప్పుడే అనుకున్నాం, ఈ లెక్క ఒక మనిషి దగ్గరే ఉండిపోకూడదు, ఆయన లేచి తిరుగుతున్నప్పుడే ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి అని.

ఖర్చు విషయం ముందే చెప్పేస్తాను. యాప్‌కి ఏడాదికి సుమారు 6,000 రూపాయలు, బార్‌కోడ్ స్కానర్ 2,200, చిన్న బిల్లు ప్రింటర్ 3,500. కంప్యూటర్ కొనలేదు, పాత ఫోనూ ఒక ట్యాబూ సరిపోయాయి. డబ్బు కన్నా ఎక్కువ ఖర్చయింది టైము. మా కొట్లో 1,400 రకాల పైన ఉన్నాయి, వాటిని ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది, రాత్రి తొమ్మిదింటికి షట్టర్ సగం దించి పదకొండు దాకా అదే పని. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పరు. "ఒక్క రోజులో సెటప్ మేడమ్" అంటారు. ప్యాకెట్ సరుకు నిజంగానే తేలిక, స్కాన్ చేస్తే పేరూ ఎమ్మార్పీ వచ్చేస్తాయి. మన దేశంలో నమోదైన కంపెనీల బార్‌కోడ్ 890తో మొదలవుతుంది, ఒక బిస్కెట్ ప్యాకెట్ తిప్పి చూడండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక సూపర్ మార్కెట్లో 1974 జూన్ 26న చూయింగ్ గమ్ ప్యాకెట్ మీద మొదటిసారి ఆ గీతలు చదివారట. యాభై ఏళ్ల తర్వాత అదే గీతలు మా కొట్లో బీప్ మనడం నాకు భలే అనిపించింది.

తిప్పలంతా లూజు సరుకుతోనే. అనకాపల్లి బెల్లం దిమ్మలకి గీతలుండవు. చింతపండుకి ఉండవు. బస్తా విప్పి కిలో, అరకిలో కాటా వేసి ఇచ్చేవాటికి బస్తా లెక్క వేరు, కిలోల లెక్క వేరు, మధ్యలో తరుగు ఒకటి. బియ్యం బస్తా 26 కిలోలుంటుంది, ఎందుకో చాలామందికి తెలియదు. 2022 జులై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన 25 కిలోల దాకా బస్తాలకి 5 శాతం జీఎస్టీ పడుతోంది, అందుకని మిల్లుల వాళ్లు ఒక కిలో పెంచి 26 చేసేశారు. మా యాప్‌లో మొదట 25 అనే వచ్చేది, బస్తాకి ఒక కిలో లెక్క తేడా, నెల తిరిగేసరికి స్టాకు పొంతన లేదు. నేను చేత్తో మార్చుకున్నాను. మీరు ఏ యాప్ కొన్నా బస్తాని కిలోలుగా విడగొట్టే వెసులుబాటు ఉందా, తరుగు రాసుకోవడానికి చోటుందా చూసుకోండి. లేదంటే తీసుకోకండి, మన కొట్లలో సగం అమ్మకం లూజే.

ఇక అసలు విషయం. మూడో నెల అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం రిపోర్టు తీశాను. కొట్లో మొత్తం సరుకు విలువ 7,80,000 చూపించింది. అందులో అరవై రోజులుగా ఒక్కటి కూడా అమ్ముడుపోనివి 1,90,000. నాకు నోట మాట రాలేదు. ఆ నెల బ్యాంకు వాయిదాకి 20,000 సర్దలేక మా ఆయన ఎవరినో బదులడిగారు, ఇక్కడ చూస్తే రెండు లక్షలు అరల్లో ఇరుక్కుని ఉన్నాయి. పెద్ద షాంపూ సీసాలు, పిల్లల పాలలో కలిపే పౌడర్ డబ్బాలు, ఒక రకం నూడుల్స్ మూడు పెట్టెలు, ఎయిర్ ఫ్రెషనర్లు. ఇవన్నీ ఎలా వచ్చాయి? మేము కావాలని తెచ్చుకున్నవి కావు. స్కీముల్లో వచ్చాయి.

కొట్టు నడిపేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. నెలాఖరు వచ్చేసరికి సేల్స్‌మన్‌కి టార్గెట్ ఉంటుంది. "మేడమ్, పది పెట్టెలు పెట్టండి, ఒకటి ఫ్రీ, బిల్లు వచ్చే నెల ఇద్దురు గానీ" అని బతిమాలతాడు. పాపం అతని ఉద్యోగం అది. మనమూ ఒకటి ఫ్రీ అనగానే లాభం లెక్క వేసేస్తాం. నెలకి నాలుగు పెట్టెలు అమ్మే చోట పది వచ్చి పడతాయి. తర్వాతి రెండు నెలలు ఆర్డర్ ఉండదు. అక్కడ కంపెనీలో చూసేవాడికి ఒక నెల అమ్మకం విరగబడినట్టు, రెండు నెలలు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, వాళ్లు తయారీ పెంచుతారు, తగ్గిస్తారు, మళ్లీ కొత్త స్కీము వదులుతారు. మా వీధిలో జనం మాత్రం ప్రతి నెలా అంతే షాంపూ రుద్దుకున్నారు. దీన్నే బుల్‌విప్ ఎఫెక్ట్ అంటారు, కొరడా పిడి దగ్గర కొద్దిగా కదిలిస్తే కొసన ఎంతో ఊగుతుంది కదా, అలా. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ వాళ్లు పసిపిల్లల డైపర్ల ఆర్డర్లలో ఈ ఊపు చూశారు, పిల్లలు వాడేది ఎప్పుడూ ఒకేలా ఉన్నా ఫ్యాక్టరీ దాకా వెళ్లేసరికి ఆర్డర్లు ఎగిరిపడుతున్నాయి. నేను బీకాంలో పరీక్ష కోసం చదివి వదిలేశాను. నా కొట్లోనే అది జరుగుతోందని ఆ రిపోర్టు చూసేదాకా తెలియలేదు.

ఆ రోజు నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. స్కీము ఎంత ఊరించినా నలభై రోజుల అమ్మకం కన్నా ఎక్కువ తీసుకోం. సేల్స్‌మన్ ముందే ఫోన్ తీసి చూపిస్తాను, "చూడు బాబూ, రోజుకి ఇంత పోతోంది, ఇంతకన్నా పెట్టలేను". మొదట్లో ముఖం మాడ్చుకున్నారు. ఇప్పుడు వాళ్లే అడుగుతారు, "మీ ఫోన్లో ఎంతుంది మేడమ్" అని. అరవై రోజులు కదలని సరుకులో కొంత డిస్ట్రిబ్యూటర్లతో మాట్లాడి వాపసు ఇచ్చాం, కొంత కొన్న ధరకే అమ్మేశాం, ఇంకొంత ఎక్స్‌పైరీ అయిపోయి పారేశాం. పారేసినవి 14,000 రూపాయల పైనే. చెప్పడానికి బాధగానే ఉంది, కానీ అదీ లెక్కలో రాయాలి.

నాకు ఈ యాప్‌లో అన్నిటికన్నా నచ్చింది అమ్మకాల గ్రాఫు కాదు. ఆర్డర్ పెట్టిన రోజూ, సరుకు దిగిన రోజూ పక్కపక్కన చూపించే పేజీ. కొనేటప్పుడు ఆ పేజీ గురించి ఎవరూ చెప్పలేదు, నాలుగు నెలల తర్వాత నేనే చూసుకున్నాను. మాకు పప్పులు వేసే ఒక డిస్ట్రిబ్యూటర్ ఎప్పుడడిగినా "రెండ్రోజుల్లో వేసేస్తామమ్మా" అంటారు. పేజీలో చూస్తే సగటున నాలుగున్నర రోజులు. ఇంకొకాయన కిలోకి రూపాయి ఎక్కువ తీసుకుంటారు, కానీ చెప్పిన రోజుకి బండి వస్తుంది, ఏ వారమూ తప్పలేదు. మాకు కందిపప్పు రోజుకి ఆరు కిలోలు పోతుంది. రెండు రోజుల్లో వస్తుందనుకుంటే 12 కిలోలు ఉండగా ఆర్డర్ పెడతాం, ఐదు రోజులు పడితే మూడు రోజులు అర ఖాళీ. ఆ భయంతో ఎప్పుడూ రెండు బస్తాలు ఎక్కువ పెట్టుకునేవాళ్లం. నమ్మకంగా వచ్చే ఆయన దగ్గరికి మారాక ఆ అదనపు బస్తాలు అక్కర్లేదు. రూపాయి ఎక్కువ ఇచ్చినా మాకే మిగులుతోంది. చవకగా ఇచ్చేవాడు మంచి సప్లయర్ అని ముప్పై ఏళ్లుగా అనుకున్న మావయ్యగారు ఆ పేజీ రెండుసార్లు చదివి, "అయితే మనం బేరం ఆడింది తప్పు దాని మీదనమాట" అన్నారు. ఆయన అలా అన్నాక నాకు ధైర్యం వచ్చింది, ఇక మిగతా సప్లయర్లందరివీ చూడటం మొదలుపెట్టాను.

యాప్‌లోనే హోల్‌సేల్ ఆర్డర్ పెట్టే భాగం కూడా ఉంటుంది. ఇది మాత్రం జాగ్రత్త. సరుకు ఉందని చూపిస్తుంది, డబ్బు కట్టాక లేదంటుంది, వాపసు నాలుగైదు రోజులకి వస్తుంది. ఒకసారి శనగపిండి బదులు ఇంకో రకం పంపారు, అడగకుండానే. ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడే మనిషి దొరకడానికి ఇరవై నిమిషాలు. సబ్బులు, పేస్టులు, బిస్కెట్లలాంటి ఎక్కడ కొన్నా ఒకేలా ఉండే సరుకుకి పర్వాలేదు, ధర బాగుంటుంది. పప్పు, బియ్యం, ఎండుమిరప ఫొటో చూసి కొనకండి. చేత్తో పట్టుకుని, కొరికి చూసి, వాసన చూసి కొనాల్సిన సరుకుకి పూర్ణా మార్కెట్‌కి వెళ్లాల్సిందే. మేము ఇప్పటికీ వారానికి ఒక రోజు తెల్లవారుజామున వెళ్తాం, ఎన్ఏడీ కూడలి దగ్గర రద్దీ మొదలవకముందే తిరిగొచ్చేస్తాం. అదే యాప్‌లో అప్పు ఇస్తామని కూడా వస్తుంది, రెండు నొక్కులకే లక్ష. నేను ముట్టుకోలేదు, మా ఆడపడుచుకీ అదే చెప్పాను.

పోయిన సెప్టెంబర్లో దీని విలువ బాగా తెలిసింది. 2025 సెప్టెంబర్ 22న జీఎస్టీ రేట్లు మారాయి, టూత్‌పేస్టు, షాంపూ, తలనూనె, సబ్బులు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5కి దిగాయి, నెయ్యి 12 నుంచి 5కి వచ్చింది. అదే రోజు దసరా నవరాత్రులు మొదలు, కొట్టు నిండా జనం. అరల్లో ఉన్నది పాత ఎమ్మార్పీ ముద్ర ఉన్న సరుకు, బిల్లు కొత్త రేటుకి వేయాలి. టీవీలో చూసి వచ్చిన ప్రతివాళ్లూ "ఇది తగ్గిందటగా, ఎంత తగ్గించావు" అని అడుగుతున్నారు, అడిగే హక్కు వాళ్లకుంది. బార్‌కోడ్ ఉన్నవాటికి రాత్రికి రాత్రే పన్ను మారిపోయింది. నేను చేత్తో ఎక్కించిన తొంభై రకాలకి మాత్రం నేనే కూర్చుని మార్చాను, తెల్లవారుజాము రెండయింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు మావయ్యగారు వారం రోజులు సరిగ్గా బిల్లు రాయలేకపోయారని అత్తయ్య చెప్తుంటారు. ఈసారి మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికే సరైన బిల్లు చేతికిచ్చాం. చుట్టుపక్కల కొన్ని కొట్లు తేల్చుకోలేక పాత ధరకే అమ్ముతుంటే మా దగ్గరికి కొత్త ముఖాలు వచ్చాయి, వాళ్లలో చాలామంది ఇప్పటికీ వస్తున్నారు.

నెట్ లేకపోయినా పని చేస్తుందా అనేది కొనేముందు తప్పకుండా పరీక్షించండి. ఇది నేను అడిగిన ప్రశ్న కాదు, మావయ్యగారు అడిగారు. అమ్మడానికి వచ్చిన అబ్బాయిని కూర్చోబెట్టి, "బాబూ, హుద్‌హుద్ వస్తే ఇది ఏం చేస్తుంది" అన్నారు. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ మీదుగా తీరం దాటినప్పుడు కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు. మా కొట్టు రేకులు లేచిపోయాయి. ఆ రోజుల్లో పాల ప్యాకెట్‌కి, మంచినీళ్లకి జనం ఎలా తిరిగారో ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. మావయ్యగారు కొవ్వొత్తి పెట్టుకుని పుస్తకంలో పద్దులు రాసి, తెలిసినవాళ్లందరికీ అరువు మీద సరుకిచ్చారు, అందులో ఒక్క రూపాయి కూడా ఎగ్గొట్టినవాళ్లు లేరని ఇప్పటికీ చెప్తారు. అందుకే నెట్ పోయినా బిల్లు పడాలి, నెట్ వచ్చాక అదే సర్దుకోవాలి అని పట్టుబట్టారు. మాది పడుతుంది. వైఫై తీసేసి, ఫోన్ డేటా ఆపేసి, మీ ముందే పది బిల్లులు వేయించండి. కుదరదంటే వద్దనండి. ఇది తుపానులొచ్చే ఊరు.

ఖాతా కస్టమర్ల గురించి ఒక్క మాట. నెల జీతానికి బాకీ తీర్చే ఇళ్లు మాకు ముప్పై పైనే ఉన్నాయి. యాప్ వాళ్ల ఫోన్లకి బాకీ మెసేజ్ పంపుతుంది. మొదటి నెల అలాగే వదిలేశాను. ఒక పెద్దావిడ వచ్చి, "ఏటమ్మా, ఇరవై ఏళ్ల నుంచి తీసుకుంటన్నాం, ఫోన్లో అడిగించుకునేంత దూరం అయిపోయామా" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆ రోజే ఆ మెసేజ్‌లు ఆపేశాను. ఇప్పుడు బాకీ లెక్క యాప్‌లో ఉంటుంది, అడగడం మాత్రం నోటితోనే. అలాగే కస్టమర్ల నంబర్లన్నీ కాంటాక్టుల్లోంచి తీసుకుంటామని యాప్ అనుమతి అడుగుతుంది, ఇవ్వకండి, ఇవ్వకపోయినా బిల్లు పడుతుంది.

మరి వ్యాపారం పెరిగిందా? పెరిగింది. నెల అమ్మకం రెండేళ్ల కిందటి కన్నా సుమారు 18 శాతం ఎక్కువ. అందులో కొంత ధరలు పెరగడం వల్లే, అదీ నిజమే. కానీ కొట్టు స్థలం అంతే, పెట్టుబడి అంతే, కొత్తగా అప్పు చేయలేదు. అరల్లో ఇరుక్కున్న డబ్బు బయటికి తీసి వేరే సరుకు మీద తిప్పాం, అంతే. షాంపూ సీసాలు పెట్టిన అరలో ఇప్పుడు చోడి (రాగి) పిండి, కొర్రలు, సామలు ఉన్నాయి. షుగరు ఉన్న పెద్దవాళ్లు పొద్దున్నే అంబలి కాచుకుంటారు, మా వైపు చోళ్లంటే ప్రాణం. గిరిజన సహకార సంస్థ తేనె, అరకు కాఫీ పొడి పెట్టాం. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన జిల్లా పక్కనే పండే సరుకు మన కొట్లో లేకపోవడమేమిటని నాకు ఎప్పటినుంచో ఉండేది, ఇన్నాళ్లూ దానికి చోటూ డబ్బూ లేవు. పక్క వీధి డ్వాక్రా ఆడవాళ్లు రుబ్బే ఇడ్లీ పిండి రోజూ పొద్దున నలభై ప్యాకెట్లు దిగుతాయి, సాయంత్రానికి అయిపోతాయి. ఎన్ని దించాలో ముందురోజు రాత్రే వాళ్లకి వాట్సాప్‌లో నంబర్ పెడతాను, శని ఆదివారాలకి ఎక్కువ, సోమవారానికి తక్కువ. ఆ నంబర్ కూడా యాప్‌లో చూసే చెప్తాను. మొదట్లో రోజూ ఎనిమిదీ పదీ మిగిలిపోయి పులిసిపోయేవి, ఇప్పుడు ఒకటో రెండో. వాళ్లకీ నష్టం లేదు, నాకూ లేదు. పది నిమిషాల్లో ఇంటికి తెచ్చే యాప్‌లు మా ఏరియాకీ వచ్చాయి, వాటితో ధరలో పోటీ పడలేం. కానీ అడిగినది అర మీద ఉంటే మా కస్టమర్ ఫోన్ తీయడు, ఇది రోజూ చూస్తున్నాను.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక స్టార్ సంగతి.

యాప్‌లో ఆటో ఆర్డర్ అని ఒకటి ఉంది. పోయినేడాది ఇదే సమయంలో ఎంత పోయిందో చూసి, ఎంత తెప్పించుకోవాలో చెప్తుంది, మనం ఊఁ అంటే సప్లయర్‌కి ఆర్డర్ వెళ్లిపోతుంది. కొన్నిటికి ఇది బ్రహ్మాండంగా పని చేసింది. సముద్రంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులుంటుంది. ఆ రెండు నెలలూ తాజా చేప తగ్గి మా దగ్గర గుడ్లు ఎక్కువ పోతాయి. రెండో ఏడాది ఏప్రిల్ రెండో వారంలోనే యాప్ గుడ్ల ఆర్డర్ పెంచమంది. నేను ఎంత సంబరపడ్డానో. అదే నమ్మకంతో మిగతావాటికీ ఆటో పెట్టేశాను.

మేముండేది సింహాచలం కొండ పక్కన. ఏటా ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ జరుగుతుంది, తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ కాలనీ, మాధవధార మీదుగా కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, లక్షల మంది కాలినడకన తిరుగుతారు. చివరి కిలోమీటర్లు మా వైపే. అప్పటికి వాళ్ల కాళ్లు బొబ్బలెక్కి ఉంటాయి. దారిపొడుగునా మజ్జిగా పులిహోరా ఉచితంగానే పంచుతారు, కాబట్టి మా దగ్గర పోయేవి గ్లూకోజు పొడి, ఓఆర్ఎస్, నొప్పుల బామ్, బ్యాండేజీలు, అరటిపళ్లు, చిన్న నీళ్ల సీసాలు. ఒక రాత్రీ ఒక పగలూ, నెలలో పావువంతు అమ్మకం.

2024లో ఆషాఢ పౌర్ణమి జులై 21న వచ్చింది. యాప్ ఆ తేదీ పట్టుకుంది. 2025లో పౌర్ణమి జులై 10. ప్రదక్షిణ తొమ్మిదో తేదీనే మొదలు. నాకు తేదీ తెలియక కాదు, ఇంటి ముందే రోడ్డు మీద పందిళ్లు వేస్తుంటే ఎలా తెలియకుండా ఉంటుంది. ఆటో ఆర్డర్ ఉంది కదా, వెళ్లే ఉంటుంది అనుకున్నాను. ఏడో తేదీ సాయంత్రం మావయ్యగారు వచ్చి "సరుకు దిగలేదేమ్మా" అన్నారు. ఫోన్ తీసి చూస్తే పెంచిన ఆర్డరంతా జులై మూడో వారానికి పెట్టి ఉంది. సప్లయర్‌కి ఫోన్ చేస్తే అందరూ వారం ముందే బుక్ చేసుకున్నారు, ఇప్పుడేమీ లేదన్నారు. మా ఆయన రాత్రికి రాత్రి మూడు చోట్ల తిరిగి ఎక్కువ ధర పెట్టి తెచ్చింది ముందు ఏడాదిలో సగం కూడా లేదు. తొమ్మిదో తేదీ అర్ధరాత్రి ఒకాయన పాదం పగిలి రక్తం కారుతూ వచ్చి బ్యాండేజీ అడిగితే అప్పటికే అయిపోయాయి, అత్తయ్య పాత నూలు చీర చింపి కట్టారు. అమ్మకం పోయిందన్న బాధ కన్నా అది ఎక్కువ బాధ నాకు.

తప్పు ఎక్కడుందంటే, యాప్‌కి తేదీలు తెలుసు, తిథులు తెలియవు. చేపల నిషేధం తేదీ ప్రకారం వస్తుంది, పట్టుకుంది. మన పండగలు తిథి ప్రకారం వస్తాయి, జారిపోయాయి. దసరా 2024లో అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2. పూజ సామాను, నెయ్యి, బెల్లం, శనగపప్పు అన్నీ ఈ తేడాలోనే పడతాయి. ఇంత ఖర్చు పెట్టి చేసిన యాప్‌లో ఒక పంచాంగం లేకపోవడం నాకు అర్థం కాలేదు. ఇక్కడ వ్యాపారం చేసే ఎవరినడిగినా మొదటి రోజే చెప్పేవారు.

మావయ్యగారి ఎర్ర అట్ట చిట్టాలు అటక మీద నుంచి దింపించాను. ప్రతి పేజీ మీద తేదీ పక్కన తిథి రాసి ఉంది, ఏ రోజు ఏది ఎంత పోయిందో, వాన పడిందా లేదా కూడా. ఇన్నాళ్లూ ఆ పక్క గీతలు ఆయన అలవాటనుకున్నాను.

యాప్ వాళ్లకి ఇదంతా వివరంగా రాసి పంపాను, చూస్తామన్నారు, ఇంకా రాలేదు. వస్తే ఆ ఒక్క స్టారూ వేస్తాను. ఈలోపు ఆగలేను, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది, ఆషాఢ పౌర్ణమి జులై 29 దాకా వెళ్తుంది, అంటే ఈసారి యాప్ చెప్పే తేదీ దాదాపు మూడు వారాలు ముందుంటుంది. గిరి ప్రదక్షిణ సరుకంతటికీ ఆటో ఆర్డర్ తీసేశాను. రోజూ రాత్రి షట్టర్ దించాక మావయ్యగారు చిట్టాలోంచి చదువుతున్నారు, నేను ఒక్కో పండగకీ ఏ తిథికి ముందు ఎన్ని రోజుల నుంచి ఏ సరుకు పెరిగిందో విడిగా ఒక షీట్‌లో ఎక్కిస్తున్నాను. ఇప్పటికి 2019 దాకా వచ్చాం.